పెద్దవారి మతిమరుపు: లోకంలో ఎవరేమంటున్నారు?

ఇంట్లో పెద్దవారు అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతూ, ఇప్పుడే తిన్న సంగతి మరిచి మళ్లీ అన్నం పెట్టమంటూ ఉంటే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. తెలుగులో అయితే 'చాదస్తం' అంటారు. దక్కనీలో అయితే 'సఠియా గయే' అంటారు. సాఠ్ అంటే అరవై. అరవై దాటాక బుద్ధి మందగించడం మామూలేనని ఆ మాటకు అర్థం. ఆ ఒక్క మాట అనేశాక ఇక హకీం దగ్గరికీ వెళ్లరు, డాక్టరు దగ్గరికీ వెళ్లరు. మోకాళ్ల నొప్పికి మూడు ఊళ్లు తిరిగేవారు కూడా మతిమరుపు విషయంలో మాత్రం చేతులు కట్టుకుని కూర్చుంటారు.

ఈ తీరు మనకే ప్రత్యేకం కాదు. ఆస్ట్రేలియా, కెనడా ఆదివాసుల్లోనూ, ఆఫ్రికా పల్లెల్లోనూ, మన కేరళ, గోవా, తమిళనాడుల్లోనూ ఈ జబ్బును ఎవరి తీరున వారు అర్థం చేసుకున్నారు. జబ్బుకు ఏ పేరు పెడితే రోగికి ఆ మర్యాదే దక్కుతుంది. కొన్ని పేర్లు ముసలివారిని గౌరవంగా కూర్చోబెట్టాయి. కొన్ని పేర్లు ఊరి నుంచి వెళ్లగొట్టాయి. అందుకే ఈ వారం మందుల గురించి తక్కువ, మాటల గురించి ఎక్కువ చెప్పుకుందాం.

ముందుగా జబ్బు సంగతి. నేటి వైద్యులు దీన్ని డిమెన్షియా అంటారు. అది ఒక జబ్బు పేరు కాదు, కొన్ని జబ్బుల వల్ల వచ్చే స్థితి. జ్ఞాపకం, మాట, దారి గుర్తుపట్టడం, లెక్క, మంచిచెడుల విచక్షణ క్రమంగా తగ్గి రోజువారీ పనులు చేసుకోలేని స్థితి వస్తుంది. అందులో అల్జీమర్స్ ఎక్కువ. మెదడు రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది మరొకటి. 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవారి కంటే ఆడవారిలో, పట్నాల కంటే పల్లెల్లో ఎక్కువ. దీన్నిబట్టే ఇంకో సంగతి కూడా తెలుస్తోంది. అరవై దాటిన నూరు మందిలో 92 మందికి పైగా ఈ జబ్బు లేనివారే. ఇక అరవై దాటితే 'సఠియా' పోవడం మామూలే అనడంలో అర్థమేముంది?

వలయం పూర్తవుతోంది అనేవారు

కెనడాలో హ్యూరాన్ సరస్సు మధ్య మానిటూలిన్ అనే పెద్ద దీవి ఉంది. అక్కడ అనిషినాబే అనే ఆదివాసులు ఉంటారు. క్రిస్టెన్ జాక్లిన్ అనే మానవశాస్త్రవేత్త వారితో కలిసి చాలా ఏళ్లు ఈ విషయంపైనే పనిచేశారు. అక్కడి పెద్దలు చెప్పేదేమిటంటే, మనిషి బతుకు ఒక వలయం. పసితనంలో మొదలై మళ్లీ పసితనానికే చేరుతుంది. మతి తప్పిన ముసలివారు ఆ వలయాన్ని పూర్తి చేస్తున్నారు, పుట్టించినవాడికి దగ్గరవుతున్నారు. కనుక అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. పసిబిడ్డ అన్నం ఒలకబోస్తే తిట్టనట్టే వీరినీ తిట్టకూడదు.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని చోక్టా తెగవారిది ఇంకో తీరు. అక్కడి ఒక కుటుంబం గురించి హెండర్సన్ అనే పరిశోధక దంపతులు 2002లో రాశారు. జబ్బుపడిన పెద్దామెకు ఎవరెవరో కనిపించేవారు, వారితో మాట్లాడేది. ఇంటివారు దాన్ని పిచ్చి అనలేదు. అటు లోకంతో మాట్లాడే శక్తి ఆమెకు వచ్చిందనుకున్నారు. డాక్టరు దృష్టిలో రోగలక్షణమైనదే ఆ ఇంట్లో ఒక గౌరవం అయింది.

ఇలాంటి ఆలోచన మనకు కొత్తేమీ కాదు. మలయాళంలో దీనికి 'చిన్నన్' అనే మాట ఉంది, పిల్లతనం అని అర్థం. ఖురాన్ షరీఫ్‌లో నహ్ల్, హజ్ సూరాలలో 'అర్జలుల్ ఉముర్' ప్రస్తావన వస్తుంది. అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి మళ్లించబడే వయసు అది. ఆ వయసు నుంచి అల్లాహ్ శరణు కోరడం కూడా మన దువాల్లో ఉంది. అంటే ఈ స్థితి కష్టమైనదని ఒప్పుకున్నారు, దాన్ని ఎవరి పాపానికీ ముడిపెట్టలేదు.

ఈ రకం ఆలోచనలో గొప్ప మేలుంది. రోగికి అవమానం లేదు. కానీ నష్టమూ ఉంది. సహజమే అనుకున్నదానికి వైద్యం ఎవరు చేయిస్తారు? మానిటూలిన్ పెద్దలే ఈ సంగతి గ్రహించారు. ఒకప్పుడు తమవారిలో ఇది ఇంతగా లేదని, పిల్లలను బలవంతంగా హాస్టల్ బడులకు పట్టుకుపోవడం, వేట మాంసం, చేపలు పోయి అంగడి తిండి రావడం, షుగరు జబ్బు పెరగడం, ఇవన్నీ తమవారి మెదళ్లను దెబ్బతీశాయని వారు చెబుతున్నారు. వలయం మాట నిజమే, దాన్ని ఎవరో ముందుగా మెలితిప్పారన్నదీ నిజమే అని వారి వాదన. నాకు ఈ మాట చాలా ఆలోచించదగ్గదిగా అనిపించింది.

కోడలి మీద నింద

ఇప్పుడు మన దేశానికి వద్దాం. అమెరికా మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్ వారణాసిలో ఉండి ముసలితనం మీద పరిశోధన చేసి 1998లో ఒక పుస్తకం వేశారు. ఆయనకు అక్కడ పదే పదే వినిపించిన మాట, ముసలివారి మతి చెడిందంటే ఆ కుటుంబం చెడిందని. పిల్లలు సరిగా చూసుకోలేదు, కోడలు వేళకు అన్నం పెట్టలేదు, అందుకే ఆ తల్లి అలా అయింది అని ఇరుగుపొరుగు తీర్పు చెప్పేస్తారు. కొన్నేళ్ల తర్వాత గోవాలో విక్రమ్ పటేల్, మార్టిన్ ప్రిన్స్ అనే వైద్యులు పల్లెవారిని అడిగితే అక్కడా దాదాపు ఇదే జవాబు. బిడ్డల ప్రేమ కరువై, నిర్లక్ష్యం వల్ల ముసలివారు ఇలా అవుతారని వారూ అన్నారు.

ఈ మాట వల్ల ఎంత చేటు జరుగుతుందో ఊహించండి. ఈ జబ్బులో మొదట్లో వచ్చే లక్షణాల్లో ఒకటి, తాను దాచిన వస్తువు తనకే దొరక్క ఎవరో దొంగిలించారనడం. తాళంచెవుల గుత్తి బియ్యం డబ్బాలో తానే పెట్టి, కోడలు తీసిందని వచ్చినవారందరికీ చెప్పే అత్తగార్లు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. 'నిన్న రాత్రి నుంచి నాకు అన్నం పెట్టలేదు' అని తిన్న గంటకే అంటారు. పక్కింటివారు నమ్ముతారు. దుబాయిలో ఉన్న కొడుకు ఫోనులో విని నమ్ముతాడు. రాత్రింబవళ్లు సేవ చేస్తున్న మనిషే దొంగ అవుతుంది, కసాయిది అవుతుంది. ఆ నిందకు భయపడి ఇంటివారు పెద్దామెను లోపలి గదిలో ఉంచి వలీమాకు, పెళ్లికి తీసుకురావడం మానేస్తారు. నలుగురిలో లేకపోతే జబ్బు ఇంకా ముదురుతుంది. దొంగతనం మాట వినగానే తీర్పు చెప్పకండి. ఆ మాట జబ్బు పలికిస్తున్నదేమో చూడండి.

అలాగని నిజంగా నిర్లక్ష్యం చేసే ఇళ్లు లేవనను. ఉన్నాయి. పెద్దామె బరువు తగ్గుతున్నా, ఒంటిపై గాయాలున్నా అది వేరే సంగతి, తప్పక పట్టించుకోవాలి. కానీ నిర్లక్ష్యం వల్ల అల్జీమర్స్ పుట్టదు. బాగా చూసుకున్న ఇంట్లోనూ వస్తుంది.

మంత్రగత్తె అనే ముద్ర

అన్నిటికన్నా దారుణమైన పేరు ఆఫ్రికాలో కొన్నిచోట్ల పెడతారు. ఘనా దేశం ఉత్తర ప్రాంతంలో గాంబాగా వంటి చోట్ల శిబిరాలున్నాయి. చేతబడి చేశారన్న నింద మోసిన ఆడవారు, ఎక్కువగా ముసలి విధవలు, ప్రాణభయంతో అక్కడ తలదాచుకుంటారు. అర్ధరాత్రి బయట తిరగడం, తనలో తాను మాట్లాడుకోవడం, దారి తప్పి ఎవరి ఇంటి ముందో నిలబడటం, ఇవే సాక్ష్యాలు. ఇవన్నీ డిమెన్షియా లక్షణాలేనని వైద్యం తెలిసినవారు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. 2020 జూలైలో కఫాబా అనే ఊళ్లో అకువా డెంటే అనే తొంభై ఏళ్ల వృద్ధురాలిని మంత్రగత్తె అని పట్టపగలు అందరూ చూస్తుండగా కొట్టి చంపారు. దక్షిణాఫ్రికాలో కూడా డిమెన్షియా వచ్చిన ముసలివారిని మంత్రగత్తెలని అనుమానించడం గురించి అక్కడి నర్సులతో మాట్లాడి పరిశోధకులు రాశారు.

మనం అంత దూరం పోలేదు కదా అని సంతోషించే ముందు ఒకసారి ఆలోచించాలి. 'అసర్' అయిందని, ఎవరో చేయించారని మన ఇళ్లలోనూ అంటూ ఉంటారు. తాయెత్తు కట్టించడానికి ఊళ్లు తిరగడంలో ఏడాది గడిచిపోతుంది. దువా చేయించండి, కాదనేవారెవరు? కానీ అది చేయిస్తూనే రక్తపరీక్ష కూడా చేయించండి. పొగ వేయడం, కొట్టడం, ఉపవాసం ఉంచడం వంటివి మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. బలహీనమైన ప్రాణానికి అవి ప్రమాదం.

గడియారం బొమ్మ గీయలేకపోతే?

పేర్ల వల్ల రోగిని గుర్తించలేకపోవడం ఒక ఎత్తు. పరీక్షల వల్ల గుర్తించలేకపోవడం మరో ఎత్తు. పెద్ద ఆసుపత్రుల్లో ఈ జబ్బు పట్టుకోవడానికి ఈరోజు తేదీ ఎంత, గడియారం బొమ్మ గీయండి, ఈ వాక్యం రాయండి అని అడుగుతారు. బడి మొహం చూడని మనిషి ఇవి చేయలేకపోతే అది జబ్బా, చదువు లేకపోవడమా? మన దాదీమాలలో చాలామందికి ఇంగ్లీషు తేదీ తెలియదు. కానీ ఇప్పుడు ఏ చాంద్ నడుస్తోందో, రంజాన్‌కు ఎన్నాళ్లుందో వేళ్ల మీద చెబుతారు. అలాంటి ఆమె ఒకనాడు షాబాన్‌లో ఉండి బక్రీద్ ఎప్పుడైపోయిందని అడిగితే, అదీ అసలు గుర్తు.

ఆస్ట్రేలియా వాయవ్య మూలన కింబర్లీ అనే ప్రాంతంలో ఆదివాసుల కోసం 2000 తర్వాత సరిగ్గా ఇలాంటి పరీక్షనే తయారుచేశారు. ఊరివారితో, దుబాసీలతో కూర్చుని ప్రశ్నలు మార్చారు. దువ్వెన, కప్పు, అగ్గిపెట్టె చూపించి కాసేపటి తర్వాత అవేమిటో అడుగుతారు. పింఛను వచ్చే వారం ఇదేనా అని అడుగుతారు. ఇంటివారిని విడిగా అడుగుతారు. ఈ పరీక్షతో లెక్క తీస్తే 45 ఏళ్లు దాటిన ఆదివాసుల్లో 12.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2008లో తేలింది. అదే వయసు ఆస్ట్రేలియన్లు మొత్తం మీద చూస్తే 2.4 శాతమే. అయిదు రెట్లు! పొగతాగడం, తలకు దెబ్బలు, పక్షవాతం, మూర్ఛ, చదువు లేకపోవడం దీనితో ముడిపడి కనిపించాయి. ఈ పరీక్షనే తర్వాత మానిటూలిన్ ఆదివాసులతో కలిసి కెనడాకు తగ్గట్టు మార్చుకున్నారు.

ఇదే కథ మన తమిళనాడులో మరోలా జరిగింది. 1998లో కొచ్చిలో '10/66' అనే పరిశోధక బృందం ఏర్పడింది. పేరు వింతగా ఉంది కదా? లోకంలోని డిమెన్షియా రోగుల్లో 66 శాతం పేద దేశాల్లో ఉంటే, పరిశోధనలో పది శాతం కూడా వారి గురించి జరగడం లేదని ఆ లెక్క. ఈ బృందం చెన్నైలో, వేలూరు పల్లెల్లో 65 ఏళ్లు దాటినవారిని ఇంటింటికీ తిరిగి చూసింది. అమెరికా మానసిక వైద్యుల పద్ధతిలో లెక్కిస్తే వేలూరు పల్లెల్లో 0.3 శాతం మందికే జబ్బు ఉన్నట్టు వచ్చింది. చదువులేనివారికి, పేద దేశాలకు తగ్గట్టు ఆ బృందమే చేసుకున్న పద్ధతిలో లెక్కిస్తే దాదాపు పది శాతం వచ్చింది. అవే ఊళ్లు, అవే మనుషులు. మిగతావారు ఎక్కడికి పోయారు? కారణం మన మర్యాదే. అమెరికా పద్ధతిలో రోజువారీ పనులు దెబ్బతిన్నాయని ఇంటివారు చెప్పాలి. మన దగ్గర పెద్దామెను వంటింట్లోకి రానివ్వం, డబ్బు లెక్క కొడుకు చూస్తాడు, బజారుకు మనవడు వెళతాడు. ఆమెకు పనే లేనప్పుడు పని చెడిందని ఎవరికి తెలుస్తుంది? అడిగితే 'వయసైపోయింది, అంతే' అంటారు.

భాషల గురించి ఒక మంచి కబురు కూడా చెప్పాలి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రకటించింది. తెలుగు, దక్కనీ, హిందీ వంటి వాటిలో రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారికి ఒకే భాష వచ్చినవారికన్నా సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా జబ్బు మొదలైంది. చదువు రానివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, మదరసాలో ఉర్దూ, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మన పిల్లలను 'ఒక్కటీ సరిగా రాదు' అని విసుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యునానీ ఏమంటుంది?

యునానీలో మతిమరుపును 'నిస్యాన్' అంటారు. మెదడులో బల్గం, అంటే కఫం చేరి చలువ, తడి పెరిగితే జ్ఞాపకం నిలవదని పాత హకీముల అభిప్రాయం. తడి మైనం మీద ముద్ర పడదు, అలాగన్నమాట. ఇబ్నె సీనా జ్ఞాపకశక్తికి తల వెనక భాగంలో చోటు చెప్పాడు. నేటి ట్యునీషియాలోని ఖైరవాన్ నగరంలో పదో శతాబ్దంలో ఉన్న ఇబ్నుల్ జజ్జార్ అయితే మతిమరుపు, దాని చికిత్స మీద విడిగా ఒక గ్రంథమే రాశాడు. బల్గం లెక్క నేటి వైద్యం ఒప్పుకోదు. అదీ ఒక కాలం వారి అవగాహనే. అయినా ఆ హకీములను మెచ్చుకోవలసిన సంగతి ఒకటుంది. వెయ్యేళ్ల కిందటే దీన్ని శాపం అనలేదు, కోడలి తప్పు అనలేదు, శరీరంలో వచ్చిన రోగం అన్నారు.

మందుల దగ్గర మాత్రం జాగ్రత్త. పాత గ్రంథాల్లో జ్ఞాపకానికి పేరున్న మందు 'బలాదుర్'. అదే చాకలివారు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి గింజ. దాని రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. తొమ్మిదో శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీకి ఆ పేరు రావడానికి ఈ మందు తాగి మతి చెడటమే కారణమని ఒక కథ కూడా ఉంది. ఎవరో చెప్పారని ఇంట్లో వాడవద్దు. ఖమీరాలు, మాజూన్లలో చక్కెర, తేనె ఉంటాయి. షుగరు ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా తినకూడదు. ఎక్కడ తయారయ్యాయో తెలియని కుష్తాలలో సీసం, పాదరసం ఉండే ప్రమాదముంది. సీసం మెదడునే పాడుచేస్తుంది. ఇక అల్జీమర్స్‌ను వెనక్కి తిప్పే మందు యునానీలో ఉందని ఎవరైనా అంటే నమ్మకండి. ఇంగ్లీషు వైద్యంలోనూ లేదు. డోనెపెజిల్ వంటివి కొందరికి కొంతకాలం ఊతమిస్తాయి, అంతే.

మరి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లాలి? మతిమరుపులన్నీ అల్జీమర్స్ కావు కనుక. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా, మనోవ్యాధితో కుంగిపోయినా మతి మందగిస్తుంది. జారిపడిన కొన్ని వారాలకు తలలో రక్తం గడ్డకట్టి కూడా ఇలా కావచ్చు. నిద్రమాత్రలు, కొన్ని జలుబు మాత్రలు కూడా ముసలివారిని అయోమయంలో పడేస్తాయి. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో మాట తడబడి, ఎక్కడున్నదీ తెలియకుండా పోతే అది ముసలితనం కాదు, అసర్ కాదు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో ఉప్పు తగ్గడం, పక్షవాతం ఏదైనా కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

రాకుండా చూసుకునే దారీ కొంత ఉంది. బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగ, చెవుడు, చూపు మందగించడం, కదలకుండా కూర్చోవడం, ఒంటరితనం వంటి 14 కారణాలను సరిచేయగలిగితే లోకంలో 45 శాతం దాకా డిమెన్షియాను ఆపడమో, ఆలస్యం చేయడమో కుదురుతుందని 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణులు లెక్కగట్టారు. చెవి మిషను పెట్టుకోవడానికి నామోషీ పడే నానాలకు ఈ మాట చదివి వినిపించండి.

జబ్బు ఉన్నదని తేలాక ఇంట్లో పద్ధతి మార్చుకోవాలి. 'నేనెవరో చెప్పు చూద్దాం' అని పెద్దవారికి పరీక్షలు పెట్టవద్దు. మీరే 'నేను మీ రెండో మనవరాలిని దాదీ' అని చెప్పండి. చనిపోయిన తాతగారు ఇంకా రాలేదేమని అడిగితే ప్రతిసారీ మరణవార్త చెప్పి ఏడిపించవద్దు. ఆయన గురించే ఏదైనా మాట కలపండి. నమాజులో రకాతులు మరిచి మళ్లీ మళ్లీ నిలబడుతుంటే కసరకండి. మతి లేనివారిపై షరీఅత్ బాధ్యత ఉంచలేదు, వివరం మీ ఇమాంసాబ్‌ను అడగండి. పేరు, ఫోను నంబరు రాసిన చీటీ జేబులోనో కొంగుకో ఉంచండి. సేవ చేసే మనిషికి వారంలో ఒక పూటైనా సెలవు ఇవ్వండి, ఆ పూట కొడుకులు కూర్చోవచ్చు. పెద్దల సహాయానికి ప్రభుత్వ ఫోను నంబరు 14567.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పుడూ పక్కన ఉండే మనిషే వెంట వెళ్లాలి, అది చాలా ఇళ్లలో కోడలే. మతిమరుపు ఎప్పుడు మొదలైంది, మెల్లగా వచ్చిందా ఒక్కసారిగా వచ్చిందా, ఎప్పుడైనా పడ్డారా, ఒకప్పుడు చేసి ఇప్పుడు చేయలేని పనులేవి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందులన్నీ, హకీం ఇచ్చిన పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి.